కదలని నీలం చొక్కా

కళ్ళు తెరవగానే పిడుగు కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురు మేడ మీద నీళ్ళ ట్యాంకు, దాని పక్కన దండెం, దండెం మీద నీలం చొక్కా. చొక్కా కదలడం లేదు.

అంటే ఇది నాన్న ఇల్లు.

అమ్మ ఇంట్లో అయితే ఆ చొక్కా గాలికి ఊగుతుంది. సాయంత్రమయ్యేసరికి దాని సొంతదారు వచ్చి తీసుకుపోతాడు. మర్నాడు అక్కడ ఓ దుప్పటి వేలాడుతుంది, ఆ పై రోజు చేతిరుమాళ్ళు. నాన్న ఇంట్లో మాత్రం ఎండ మండినా, వాన దంచినా, భూమి బద్దలైనా ఆ చొక్కా అక్కడే ఉంటుంది. ఎందుకంటే అది చొక్కా కాదు, రంగు. మేడ మేడ కాదు, ప్లైవుడ్డు. ఆకాశం కూడా చెక్క ఫ్రేముకి మేకులతో బిగించిన గుడ్డే. పొద్దున పూట దాని మీద ఎండ పడాలని నాన్న పైన ఒక పసుపు బల్బు పెట్టాడు. కరెంటు పోతే ఆ ఇంట్లో సూర్యుడు ఆరిపోతాడు.

నాన్న నాటకాల కంపెనీకి సెట్లు కట్టే వడ్రంగి. రాజభవనం కావాలంటే రాజభవనం, చెరసాల కావాలంటే చెరసాల, పొద్దున సుత్తి పట్టుకుంటే చీకటి పడేలోగా నిలబెట్టేస్తాడు. అమ్మ కళ్ళద్దాల షాపులో కళ్ళు పరీక్షిస్తుంది. ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకో అద్దం పెట్టి, "ఇది బాగుందా? అది బాగుందా? రెండూ ఒకేలా ఉన్నాయా?" అని రోజంతా అడుగుతూనే ఉంటుంది. ఆయన చేతికి కొలత తప్పదు, ఆవిడ కంటికి తేడా దాగదు. పిడుగు కష్టాలన్నీ ఇక్కడే మొదలయ్యాయి.

వాళ్ళిద్దరూ విడిపోయినప్పుడు పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద పెద్ద గొడవేం జరగలేదు. ఒక వారం అమ్మ దగ్గర, ఒక వారం నాన్న దగ్గర. శుక్రవారం బడి వదలగానే ఇల్లు మారడం. సెలవులు చెరి సగం. చదువుకైనా, జ్వరానికైనా ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకోవాలి. కోర్టులో కౌన్సిలర్ మేడమ్ ఇవన్నీ ఓపిగ్గా చెప్పి, చివర్లో ఒక్క మాటంది: "పాపకి రెండిళ్ళ మధ్య తేడా తెలియకూడదు. రెండు చోట్లా ఒకేలా ఉండాలి."

ఆవిడ ఉద్దేశం, నిద్రపోయే వేళా, చదువుకునే వేళా, ముద్దూ మందలింపూ రెండు చోట్లా ఒకేలా ఉండాలని. వేరే తల్లిదండ్రులైతే బుద్ధిగా తల ఊపి, మెట్లు దిగేలోపే మర్చిపోయేవాళ్ళు. వీళ్ళు మాత్రం టేపు తీశారు.

మొదట నాన్న ఇంట్లోకి అమ్మ ఇంట్లో ఉన్నలాంటి మంచమే వచ్చింది. తర్వాత బల్ల, బల్ల మీద పిడుగు రెండో తరగతిలో కాంపాసుతో గీసిన గీత. నాన్న ఆ గీత లోతు కూడా కొలిచాడు. తర్వాత హాలు, వంటగది, గోడ మీద తేమ మచ్చ, తలుపు కిర్రుమనే చప్పుడు. అమ్మ ఇంట్లో దొర అనే పిల్లి ఉంది కాబట్టి నాన్న ఊరంతా గాలించి అచ్చు గుద్దినట్టు అలాంటి పిల్లినే తెచ్చాడు. ఒక చెవి మీద మచ్చ తక్కువైతే రోజూ టీ నీళ్ళు అద్దాడు. దాని పేరు కూడా దొరే. అది మాత్రం ఎవరు పిలిచినా పలికేది కాదు. ఆ విషయంలో రెండు పిల్లులకీ తేడా లేదని నాన్న చాలా సంతోషించాడు.

జత దొరకనిది అమ్మమ్మ ఒక్కతే. దొరికుంటే తెచ్చేవాడే.

"లేచావా పిడుగూ?" అంటూ నాన్న దువ్వెన పట్టుకుని గదిలోకి వచ్చాడు. "తొందరగా. పదకొండింటికల్లా కోర్టులో ఉండాలి. ఇవాళ కౌన్సిలర్ మేడమ్ నీతో మాట్లాడుతుంది. ఈ ఏర్పాటు ఎలా ఉందో చూసి, ఇలాగే ఉంచాలా, మార్చాలా అన్నది జడ్జి గారికి రాస్తుంది."

"తెలుసు."

"ఏం చెప్తావ్?"

"ఏం చెప్పమంటావ్?"

"నేనెందుకు చెప్తాను? నేను చెప్పకూడదు. అమ్మ కూడా చెప్పకూడదు. నీ మనసులో ఉన్నదే చెప్పాలి," అన్నాడు నాన్న, నోట్లో మేకు పెట్టుకున్నప్పుడు మాట్లాడినట్టు పళ్ళ మధ్య నుంచి. అని, జడ మొదలుపెట్టాడు.

నాన్న జడ వేయడమంటే కిటికీ బిగించినట్టే. ముందు తల అటూ ఇటూ తిప్పి మట్టం చూసుకుంటాడు. తర్వాత ఒంటి కన్ను మూసి పాపిట గురి చూస్తాడు. అమ్మ వీడియో తీసి పంపింది. అది చూసి చూసి ఆయనకి కంఠతా వచ్చింది, జడ మాత్రం రాలేదు. మొదట్లో తాడులా బిగుసుకుని, మధ్యలో బద్దకించి, చివర్లో ఇటు తిరిగి అసలు ఎవరి తల మీద ఉన్నానా అన్నట్టు ఆగిపోయేది.

"అమ్మ వేసినట్టే వచ్చిందా?"

పిడుగు అద్దంలో చూసుకుంది. కుడి చెవి పైన ఒక గుప్పెడు జుట్టు జడలో కలవడానికి ఒప్పుకోకుండా నిలబడి ఉంది. అది తనలాగే ఉందనిపించింది.

"ఆ. అచ్చం అలాగే," అంది.

నాన్న మొహం వెలిగింది. ఈ అబద్ధం ఆడిన ప్రతిసారీ ఆ మొహం అలాగే వెలిగేది. అందుకే పిడుగు ఆడుతూ వస్తోంది.

కానీ మిగతావాటి మీద తిరగబడకుండా ఊరుకోలేదు. పిడుగు అన్న పేరు ఊరికే రాలేదు. పుట్టినప్పుడు పెట్టిన అసలు పేరు బడిలో టీచర్‌కి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు.

మొదటి తిరుగుబాటు రంగుతో చేసింది. నాన్న పనిచేసే చోటు నుంచి ఆకుపచ్చ రంగు డబ్బా తెచ్చి, ఈ ఇంట్లో తన గది గోడ మీద ఎడాపెడా పూసేసింది. రాక్షసుడి గుహ కోసం కలిపిన రంగు అది, చూస్తే కడుపులో తిప్పుతుంది. నాన్న వచ్చాడు. చూశాడు. తిట్టలేదు. తలుపు దగ్గర నిలబడి అమ్మకి ఫోన్ చేశాడు. ఆ శుక్రవారం అమ్మ ఇంటికి వెళ్తే, అక్కడి గోడ మీద అదే ఆకుపచ్చ, అదే ఎడాపెడా. ఒక మూల పిడుగు చెయ్యి జారి పడ్డ మరకతో సహా.

రెండోసారి బల్ల మీద పింగాణీ దీపాన్ని నేలకేసి కొట్టింది. అది కూడా ఈ ఇంట్లోనే. అప్పుడు నాన్న వీడియో కాల్ చేశాడు. పిడుగు మంచం మీద కూర్చుని, నోరు తెరుచుకుని అంతా చూసింది.

"ఎక్కడ పగిలింది?" అంది ఫోన్లో అమ్మ. చేతిలో సుత్తి, ముందు తమ ఇంటి దీపం.

"మెడ దగ్గర. అడుగున ఒక పెచ్చు కూడా ఊడింది, నీ బొటనవేలి గోరంత."

"ఇలాగా?" ఠప్.

"ఇంకొంచెం ఎడమకి."

"నీ ఎడమా, నా ఎడమా?"

"నా ఎడమ. ఎప్పుడూ ఇదే గొడవ నీతో."

వెనక నుంచి అమ్మమ్మ గొంతు వినిపించింది. "ఒసే, బాగున్న దీపాన్ని ఎందుకే అలా చావగొడుతున్నావ్?"

"పిల్ల అక్కడ పగలగొట్టిందమ్మా."

"అక్కడ పగలగొడితే ఇక్కడ దీని తల ఎందుకు పగలాలి? రేపు ఆ పిల్లకి పన్ను ఊడితే మీ ఇద్దరూ తలో పన్నూ పీక్కుంటారా?"

"అమ్మా, నువ్వు మధ్యలోకి రాకు. పగులు సరిగ్గా రావాలి."

పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఇద్దరికీ ఒక్క విషయంలోనూ పడలేదు. పరదాల రంగు దగ్గర మొదలై పరదాల రంగు దగ్గరే ముగిసిన పోట్లాటలు, మధ్యలో ప్రపంచమంతా తిరిగొచ్చేవి. ఒకరి మాట ఒకరికి కుదరకే విడిపోయారు. విడిపోయాక ఒకరి మాట లేకుండా ఇంకొకరు చెంచా కూడా కొనడం లేదు. అప్పట్లో 'మీరు' అనే అమ్మ, విడిపోయిన మర్నాటి నుంచి 'నువ్వు' అనడం మొదలుపెట్టింది. ఆవిడ అడక్కుండా తీసుకున్న హక్కు అదొక్కటే.

అందరూ నవ్వే విషయమే. పిడుగు కూడా బడిలో ఫ్రెండ్స్‌కి చెప్పి నవ్వించేది. కానీ పొద్దున లేవగానే చొక్కా కదులుతోందా లేదా అని చూసే ఆ ఒక్క క్షణం మాత్రం దానికి నవ్వు వచ్చేది కాదు. ఆ క్షణంలో తనెక్కడ ఉందో తనకే తెలిసేది కాదు. ఒకసారి జ్వరంలో "అమ్మా, నీళ్ళు" అని పిలిచింది. నాన్న నీళ్ళు తెచ్చాడు. ఆ గ్లాసు కూడా అమ్మ ఇంటి గ్లాసే.

అందుకే ఇవాళ చెప్పెయ్యాలని గట్టిగా అనుకుంది.

కోర్టు వరండాలో బల్ల మీద అమ్మమ్మ అప్పటికే కూర్చుని ఉంది, చేతిసంచీ గుండెలకి హత్తుకుని, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్నట్టు. అమ్మ పక్కన నిలబడి ఉంది. నాన్నని చూసి, "బల్బు మార్చావా? మా దగ్గర ఎండ ఈ మధ్య కాస్త తెల్లగా వస్తోంది," అంది. ఇంకెవరైనా వింటే పిచ్చాసుపత్రికి దారి చూపించేవాళ్ళు.

"ఏం అల్లుడు గారూ, బాగున్నారా?" అంది అమ్మమ్మ. అల్లుడు కాకుండా పోయాక కూడా ఆవిడ 'గారు' వదల్లేదు. వదిలితే ఆయనకి సుఖంగా ఉంటుందని ఆవిడ అనుమానం.

అమ్మా నాన్నా లోపలికి వెళ్ళి వచ్చేలోగా పిడుగు అమ్మమ్మ చెవిలో చెప్పింది. "అమ్మమ్మా, ఇవాళ చెప్పేస్తా. నాకిలా బాలేదని."

అమ్మమ్మ సంచీ జారింది. "నోరు ముయ్యవే తల్లీ! మా వీధి చివర మిషను కుట్టేవాడి మనవడు ఇలాగే బాలేదు బాలేదు అన్నాడు. ఏం చేశారో తెలుసా? అయితే ఒక చోటే ఉండు అన్నారు. ఇప్పుడు వాళ్ళ నాన్న నెలకోసారి, ఎవరో పక్కన కూర్చుంటే, వాడితో క్యారమ్స్ ఆడి పోతాడు. మాటంటే రాయి. విసిరాక ఎవరి నెత్తిన పడుతుందో మనకి తెలీదు."

"నిజంగానా?"

"నీ మీద ఒట్టు." అమ్మమ్మ ఒట్లలో సగం ఉత్తుత్తివే. ఏ సగమో ఎవరికీ తెలియకపోవడమే చిక్కు.

ఆ రాయి పిడుగు నెత్తినే పడింది. నెలకోసారి క్యారమ్స్! ఎవరితో? అమ్మతోనా, నాన్నతోనా? చెప్పకపోతే ఒకే ఇల్లు రెండుసార్లు. చెప్తే ఒక్క ఇల్లే. వరండాలో గోడ గడియారం టిక్కుటిక్కుమంటూ ఎవరి పక్షమూ వహించకుండా తిరుగుతోంది.

కౌన్సిలర్ మేడమ్‌కి ఆ రోజు విపరీతమైన జలుబు. ముక్కు ఎర్రగా, కళ్ళు ఇంకా ఎర్రగా, గొంతు తలుపు సందులోంచి వస్తున్నట్టు ఉంది. అయినా నవ్వింది. "నాకు మీ అమ్మానాన్నలంటే ఎంత గౌరవమో తెలుసా పాపా? ఇక్కడికి వచ్చే వాళ్ళంతా పిల్ల చెప్పుల కోసం కూడా కొట్టుకుంటారు. వీళ్ళ మధ్య ఒక్క ఫిర్యాదు లేదు. అందరికీ వీళ్ళనే చూపించాలని ఉంది. సరే, వాళ్ళు బయట కూర్చుంటారు, మనిద్దరం మాట్లాడుకుందామా?"

"వద్దు," అంది పిడుగు.

"భయపడకు. నువ్వు చెప్పింది వాళ్ళకి చెప్పను."

"భయం నాకు కాదు, వాళ్ళకి. అందుకే వాళ్ళ ముందే చెప్తాను."

అమ్మా నాన్నా ఒకర్నొకరు చూసుకున్నారు. విడిపోయాక వాళ్ళు అలా చూసుకోవడం అదే మొదటిసారి. అమ్మమ్మని ఎవరూ పిలవలేదు, అయినా లోపలికి వచ్చి కూర్చుంది.

"ముందు ఒకటి చెప్పండి," అంది పిడుగు. గొంతు కాస్త పెంచింది. "నేను బాలేదంటే ఒక ఇల్లు తీసేస్తారా? ఎవరో పక్కన కూర్చుంటే నెలకోసారి క్యారమ్స్ ఆడాలా?"

"ఎవరు చెప్పారు నీకు?" అంది మేడమ్.

ఎవరూ అమ్మమ్మ వైపు చూడలేదు. అమ్మమ్మే గోడ వైపు తిరిగింది.

మేడమ్ ముక్కు తుడుచుకుని, కుర్చీ ముందుకి జరుపుకుంది. "చూడమ్మా. అలా పక్కన మనిషి ఉండాలనేది పిల్లకి ప్రమాదం ఉన్న చోట. ఇక్కడ అలాంటిదేం లేదు. నీ మాట మేం వింటాం, జడ్జి గారూ వింటారు. కానీ ఏ ఇల్లు ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని నీ చేత తీర్పు చెప్పించం. ఆ బరువు నీది కాదు, పెద్దవాళ్ళది. నీకు ఏది కష్టంగా ఉందో చెప్పు, చాలు. దాన్నెలా సరిచెయ్యాలో ఆలోచించడం మా పని."

పిడుగు గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"మా నాన్న ఇంటి కిటికీ బయట ఒక చొక్కా ఉంది. అది కదలదు."

మొత్తం చెప్పింది. మంచం, గీత, తేమ మచ్చ, టీ నీళ్ళు అద్దిన పిల్లి, సుత్తి దెబ్బలు తిన్న దీపం, బల్బు సూర్యుడు. చెప్తున్న కొద్దీ మేడమ్ మొహంలో జలుబు కూడా తగ్గిపోయింది. చివరికి రుమాలు చేతిలోనే మర్చిపోయి, "కిటికీ బయట... బొమ్మ పెట్టారా?" అంది.

"మీరే కదండీ చెప్పారు, తేడా తెలియకూడదని," అన్నాడు నాన్న.

"ఒక్క తేడా కూడా లేదండీ. నేనే చెక్ చేశాను," అంది అమ్మ.

"మొదటి బొమ్మలో నీళ్ళ ట్యాంకు కాస్త పెద్దదైందండీ. తనే పట్టుకుంది. మళ్ళీ గీశాను."

"మళ్ళీ గీశాడండీ, పాపం."

ఇద్దరూ ఒకే పార్టీ అయిపోయారు. తానా అంటే తందానా. పెళ్ళిలో ఇందులో పదో వంతు ఐకమత్యం ఉన్నా ఈ గదిలోకి వచ్చే అవసరమే లేకపోయేది. మేడమ్ నుదురు పట్టుకుంది.

"ఆపండి!" అంది పిడుగు. కుర్చీలోంచి లేచింది. "మీరు విడిపోయారని నాకు తెలుసు. బడిలో అందరికీ తెలుసు. వీధిలో కుక్కలకి కూడా తెలుసు. నా గదొక్కదానికే తెలీదు! నేను గోడకి రంగు పూస్తే ఒక్కరైనా తిట్టారా? దీపం పగలగొడితే ఎందుకు కొట్టావని అడిగారా? కొలతలు తీసుకున్నారు! నాకు కోపమొస్తే దానికి కూడా జత చేస్తారా?"

"అది కాదు తల్లీ, నువ్వు..." అంది అమ్మ.

"నాకు రెండిళ్ళు కావాలి. రెండూ కావాలి. ఒకే ఇల్లు రెండుసార్లు వద్దు. పొద్దున లేస్తే నేనెక్కడున్నానో నాకు తెలియాలి. నాన్న దగ్గర ఉన్నప్పుడు నాన్న దగ్గరే ఉండాలి. అక్కడ కూడా అమ్మ ఇంట్లోనే ఉంటే ఇంక నాన్న ఎక్కడున్నట్టు?"

అమ్మ వేళ్ళు కొంగు అంచుని మడత పెడుతున్నాయి, విప్పుతున్నాయి.

"రోజూ అందరి కళ్ళ ముందూ రెండు అద్దాలు పెట్టి, ఏది బాగుందో చెప్పమంటాను," అంది అమ్మ చివరికి. గొంతు చాలా చిన్నదైపోయింది. "నీ ముందు మాత్రం పెట్టలేకపోయానే. తేడా ఉంటే పోలుస్తావు. పోలిస్తే..."

"అదే బాగుందంటావేమోనని," అన్నాడు నాన్న, నేల చూస్తూ. ఆ వాక్యం ఇద్దరిదీ. అందుకే ఇద్దరూ సగం సగం పంచుకున్నారు, సెలవుల్లాగే.

పిడుగు చేత్తో కళ్ళు తుడుచుకుంది. ఏడవకూడదనుకుంది కాబట్టి కోపంగానే తుడుచుకుంది.

"పోలుస్తాను. అయితే ఏంటి? ఇదిగో, చూడండి ఈ జడ." వెనక్కి తిరిగి చూపించింది. "అమ్మ వేసే జడతో రోజూ పోలుస్తూనే ఉన్నా. నాన్న వేసేది దరిద్రంగా ఉంటుంది. క్లాసులో అందరూ నవ్వుతారు. నాన్నా, నీతో ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను. అస్సలు అమ్మ వేసినట్టు రాదు. ఒక్కసారి కూడా రాలేదు." మళ్ళీ ఇటు తిరిగింది. "అయినా నీ దగ్గర ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున్నే వచ్చి నీ ముందు కూర్చుంటున్నానా లేదా?"

నాన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ప్లైవుడ్డు రాజభవనాలు ఎత్తే భుజాలు చిన్నపిల్లాడి భుజాల్లా కదిలాయి. అమ్మ లేచి వెళ్ళి పిడుగుని దగ్గరికి తీసుకుంది. తీసుకుంటూ తీసుకుంటూ అలవాటుకొద్దీ ఆ చెవి పైన నిలబడ్డ జుట్టుని సర్దబోయింది.

"ముట్టుకోకు," అంది పిడుగు ఆవిడ భుజంలోంచే. "అది నాన్న వారం జడ."

మేడమ్ ఇప్పుడు ముక్కు తుడుచుకున్నది జలుబు వల్ల కాదు. "నేను మాట సరిగ్గా చెప్పలేకపోయాను. తప్పు నాదే," అంది. "నిద్ర, చదువు, మందులు, నిజం చెప్పడం, వీటి మీద ఇద్దరూ ఒకే మాట మీద ఉండండి. మిగతావి ఎవరిల్లు వాళ్ళది. వారాల ఏర్పాటు ఇలాగే ఉంటుంది. జడ్జి గారికి ఇదే రాస్తాను. ఆ కిటికీ సంగతి మాత్రం... ఇవాళే పీకెయ్యండి, దయచేసి."

అమ్మమ్మ పైకి లేచింది. "నేను మొదటి నుంచీ చెప్తూనే ఉన్నా," అంది. ఎప్పుడూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం అమ్మా, అమ్మమ్మా మొదటిసారి నాన్న ఇంట్లోకి అడుగుపెట్టారు. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఫోటోల్లో, వీడియోల్లో అంగుళం అంగుళం చూసిన ఇల్లే. తన ఇల్లే. హాల్లో గోడ మీద ఒక తెల్లటి చదరం కనిపించింది. పెళ్ళి ఫోటో తీసేశాక ఆవిడ ఇంట్లో గోడ మీద మిగిలిన చదరం అది. ఇక్కడ ఏ ఫోటో ఎప్పుడూ లేదు. నాన్న చుట్టూ రంగు వేసి, ఆ ఖాళీని జాగ్రత్తగా వదిలిపెట్టాడు.

"ఇది కూడానా?" అంది అమ్మ.

"నువ్వు ఫోటో పంపావుగా. అలా ఉండాలనుకున్నా."

అమ్మ ఆ చదరం మీద కాసేపు చెయ్యి పెట్టి ఉంచింది. తర్వాత పరదా పట్టుకుని చూసి, "ఈ పరదాలు నాకు మొదటి నుంచీ నచ్చవు తెలుసా?" అంది.

"నాకూ నచ్చవు. నీకిష్టమని ఊరుకున్నా."

"నీకిష్టమని నేను ఊరుకున్నా!"

అమ్మమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి ఆశగా చూసింది. అమ్మ వెంటనే, "అంత లేదులే అమ్మా," అంది. నాన్న కూడా గబగబా తల ఊపాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరూ కొలవక్కర్లేకుండా ఇద్దరూ ఒకేలా ఉన్నారు.

"నువ్వెక్కడ పడుకుంటావ్?" అంది అమ్మ చుట్టూ చూస్తూ. తన పడకగది తలుపు ఉండాల్సిన చోట గోడ మీద తలుపు బొమ్మ ఉంది.

హాలు గోడ వెనక ఒక గది ఉంది. అది ఎప్పుడూ తాళం వేసి ఉండేది. అడిగితే 'చెత్త సామాను' అనేవాడు నాన్న. ఇప్పుడు తలుపు తీశాడు. ఈ వైపు నుంచి చూస్తే, అమ్మ ఇంటి గోడలా కట్టిన ఆ హాలు గోడ గోడలా లేదు. రంగు లేని పచ్చి చెక్క, అడ్డకర్రలు, మేకులు. ఆ అడ్డకర్రల కింద ఒక చాప, ఒక తలగడ. ఇక మిగతా చోటంతా నాన్నే. ఉలులు, రంపాలు, మనిషంత పొడుగు ప్లైవుడ్డు చందమామ, నోరు తెరిచిన సింహం తల, గది మధ్యలో బంగారు రంగు వేసిన సింహాసనం.

పిడుగు తలుపు దగ్గరే నిలబడిపోయింది. జీవితంలో అలాంటి సందర్భాలు చాలా తక్కువ.

"మనింట్లో... సింహాసనం ఉందా?"

"ఏదో నాటకానిది. చెయ్యి విరిగితే పారేస్తామన్నారు, నేనే బాగుచేసుకున్నా."

"మరి దాచిపెట్టావేంటి?"

నాన్న మెడ గోక్కున్నాడు. "అమ్మ ఇంట్లో లేదు కదా."

పిడుగు వెళ్ళి నాన్న నడుం చుట్టూ చేతులు వేసి, మొహం ఆయన చొక్కాలో దాచుకుంది. చెక్కపొట్టు వాసన. ఈ వాసనకి మాత్రం ఆ ఇంట్లో జత లేదు. ఇన్నాళ్ళూ నాన్న తన ఇంట్లో తనే గోడ వెనక దాక్కున్నాడు, పిడుగు కోసం. అప్పటిదాకా కోపంతో కట్టిన ఆనకట్ట ఒక్కసారిగా తెగింది. ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది. నాన్న ఎత్తుకున్నాడు. పదకొండేళ్ళ పిల్ల బరువని ఎవరూ అనలేదు.

"రేపు మా ఇంట్లోనూ ఒకటి కావాలంటుందేమో, సింహాసనం," అంది అమ్మ, ముక్కు ఎగబీలుస్తూ. "నేను మాత్రం చేయించను. నా ఇంట్లో మెత్తటి సోఫా వేస్తాను. ఎర్రది. ఎవర్నీ అడగను."

"అడక్కు," అంది పిడుగు నాన్న భుజం మీద నుంచి.

ఈలోగా అమ్మమ్మ సింహాసనం ఎక్కి, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నడుముకి బాగుంది అల్లుడు గారూ," అంది. ఆ రోజంతా ఆవిడని దింపడం ఎవరి వల్లా కాలేదు.

కిటికీ బొమ్మని నాన్నా పిడుగూ కలిసి విప్పారు. నాన్న ఒక్కొక్క మేకూ వదులు చేస్తే పిడుగు పీకింది. నీలం చొక్కా, ట్యాంకు, మేడ, ఆకాశం అన్నీ ఒక్కసారిగా ముందుకి వాలి, గోడకి చేరబడ్డాయి. గదిలోకి అసలు వెలుగు జొరబడింది. కళ్ళు చిట్లించి చూస్తే ఎదురుగా బస్సుల డిపో. వరసగా ఎర్ర బస్సులు. ఒక బస్సుకి ఇద్దరు మనుషులు పొడుగు చీపుర్లతో స్నానం చేయిస్తున్నారు. పక్క బస్సులో డ్రైవరు స్టీరింగు మీద కాళ్ళు పెట్టుకుని నిద్రపోతున్నాడు. నురగ నేల మీద వాగులా పారుతోంది.

"ఇంత మంచి కిటికీని మూసేశావా నాన్నా!"

"చప్పుడెక్కువ. పైగా అందంగా ఉండదని..."

"దీన్ని మించిన అందం ఎక్కడుంది?"

టీ నీళ్ళు లేని చెవితో పిల్లి కిటికీ గట్టు ఎక్కి కూర్చుంది. డిపోలో ఎవరో బస్సు స్టార్ట్ చేసి, పెద్ద హారన్ కొట్టారు. పిల్లి జన్మలో మొదటిసారి ఒక పిలుపుకి తల తిప్పింది. పిడుగు ఆ క్షణమే దానికి హారన్ అని పేరు పెట్టింది. దొర అమ్మ ఇంటి పిల్లి, ఇది హారన్.

మర్నాడు పొద్దున పిడుగు కళ్ళు తెరవకముందే చప్పుడు వినిపించింది. నీళ్ళు, చీపురు, ఎవరిదో ఈల. కళ్ళు మూసుకునే నవ్వుకుంది. చొక్కా కదులుతోందో లేదో చూసే పని లేదు.

నాన్న దువ్వెనతో వచ్చి వెనక కూర్చున్నాడు. అలవాటుగా అమ్మ పంపిన వీడియో కోసం జేబులోంచి ఫోన్ తీసి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ జేబులో పెట్టేశాడు.

"ఎలా వెయ్యమంటావే?"

"నీలాగే వెయ్యి," అంది పిడుగు, బస్సు మీద నురగ జారుతుంటే చూస్తూ. "దరిద్రంగా."